డొక్కముక్క

సూది మొన మీద చుక్క నిలబడగానే
పెద్దాసుపత్రి నడవా వాసనొస్తుందని
మల్లాడి పోలేశు మామ మొహం తిప్పుకుంటాడు.

పొద్దున్న ఆరున్నర. కోటిపల్లి రేవులో
ఎర్రనీరు మూడు మెట్లు మింగింది.
లంకలో కరెంటు పోయి నాలుగు రోజులు.
మందు సీసాని ఇసక కుండలో పెట్టి
తడిగుడ్డ కప్పి తెచ్చాడు,
జొరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు.

"పాడైపోయుంటదంటావా టీచరమ్మా?"

కాలేజీలో నేను చెప్పే పాఠం అదే.
ఇక్కడ సుద్దముక్క లేదు, వేలికి బురదుంది.
పడవ చెక్క మీద గీశాను.

రెండు పోగులు మామా.
పొట్టిదానికి ఇరవై ఒక్క పూస, పొడుగుదానికి ముప్ఫై.
గంధకం ముడులు మూడు:
రెండు పోగుల్నీ కలిపేవి రెండు,
పొట్టిదాన్ని దానికే మడిచి కట్టేది ఒకటి.
"పీచుతాడు పేనినట్టా?"
దాదాపు అంతే.
అలాంటివి ఆరు చేరతాయి.
నడుమ రెండు జింకు రాటలు.

అయినా నిలకడుండదు.
ఎండకి, కుదుపుకి ఒకటి జారుతుంది.
జారింది ఇంకోదాన్ని పట్టుకోకూడని చోట పట్టుకుంటుంది.
అలా పట్టుకుంటూ పట్టుకుంటూ
దారాలు దారాలుగా పేరుకుపోతుంది,
విరిగిన పాలలా.
అప్పుడది సీసాలో ఉంటుంది గానీ మందు కాదు.

అందుకని చిన్నవి వస్తాయి.
నీకు గిట్టని ఆ వాసన ఉందే, అదే ఒకటి.
ఆరింటి మధ్యా మిగిలిన సందుల్లో
దూరి కూర్చుంటుంది. గుంపు బిగుస్తుంది.
సీసాలోనే కాదు, ఒంట్లోనూ ఇలాంటి చుట్టాలున్నాయి.
క్లోమంలో, అది పుట్టిన చోటే,
ఆర్జినిన్ అని ఒకటి, సెరటోనిన్ అని ఒకటి,
రాత్రి తిన్న పప్పులోంచో చేపలోంచో వచ్చిన తునకలు,
పక్కన చేరి పట్టుకుంటాయి.
ఏది ఎక్కడ పట్టుకుంటుందో, ఎంతసేపు ఉంటుందో
ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మామ నా బొమ్మకేసి చూళ్ళేదు.
రేవుకేసి చూస్తున్నాడు.
రాత్రి వరదకి తనే కట్టిన పడవలు,
రెండు రాటల చుట్టూ ఆరు,
అంచుకీ అంచుకీ మధ్య
కుక్కిన కొబ్బరి డొక్కలు.

"ఆ డొక్కముక్క లేకపోతే
తెల్లారేసరికి చెక్కలే మిగుల్తాయి.
అదేవన్నా తెడ్డేస్తదా, బరువు మోస్తదా?
సందులో ఊరికే ఉంటది. ఊరికే ఉండటవే దాని పని."

ఇరవయ్యేళ్ళ సర్వీసులో
ఒక్క పిల్లాడూ ఇంత బాగా రాయలేదు పరీక్షలో.

కాసేపు నీళ్ళ చప్పుడు.
తాటి దుంగొకటి తిరుగుతూ తిరుగుతూ పోయింది.

"అయినా గట్టిగా కట్టడం ఏవుందమ్మా,
తాగినోడైనా కడతాడు.
కేకొచ్చినప్పుడు ఒక్క లాగుకి ఊడాల.
లంకలో ఎవరికో పురుడొస్తే
ఆరు పడవలూ ఎల్తాయేటి? ఒకటే ఎల్లాల."

నేనింకా ఆ సంగతి చెప్పనేలేదు.
చర్మం కిందికి వెళ్ళాక
ముందు ఆ వాసన చెదిరిపోతుందనీ,
ఆరు కాస్తా రెండ్రెండుగా, రెండు కాస్తా ఒంటరిగా విడుతుందనీ,
ఒంటరిదే వెళ్ళి కణం తలుపు తడుతుందనీ
రేపు చెబుదామనుకున్నాను.

సీసా వెలుగుకి ఎత్తి చూశాను. తేటగానే ఉంది.
తేటగా ఉంటే చాలని మాత్రం చెప్పలేను.
ఇవాళ్టికి ఇదే వేసుకో,
మంచు పెట్టెలో కొత్తది పట్టుకొస్తానన్నాను.

బొడ్డుకి బెత్తెడు పక్కన పొట్ట పట్టి పొడుచుకున్నాడు.
వేలికంటిన చుక్కని ఈసారి మొహం తిప్పకుండా
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఇదా," అన్నాడు, "డొక్కముక్క."

అవతల్నించి ఎవరో కేకేశారు.
మామ వంగి మోకు కొస పట్టాడు.
ఒక్క లాగు.
ఐదో పడవ గుంపులోంచి ఊడొచ్చింది.
సందులోంచి జారిన డొక్క
ఎర్రనీళ్ళ మీద తేలుతూ
యానాం వైపు.